ఎనిమిది పరికరాలు, ఒకే ఛార్జింగ్ బోర్డు: ప్రాజెక్టు డైరీ

ఈ బోర్డు మూడోసారికి గానీ సరిగా పనిచేయలేదు. మొదటి రెండూ ఎందుకు పక్కన పెట్టాల్సి వచ్చిందో, ఏ కొలత చూసి ఏం మార్చానో ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇలాంటిదే చేద్దామనుకునేవాళ్లు నేరుగా మూడో బోర్డుతో మొదలుపెట్టవచ్చు.

ఛార్జ్ చేయాల్సినవి ఇవి: మైక్రో యూఎస్‌బీ ఉన్న పాత ఫోన్, టైప్-సీ ఫోన్, లైట్నింగ్ కేబుల్ పట్టే పాత ఐప్యాడ్, ఈ-రీడర్, మినీ యూఎస్‌బీ కెమెరా, ఇయర్‌ఫోన్స్ కేసు, హెడ్‌ల్యాంప్, అమ్మ వినికిడి యంత్రాల కేసు. చివరిదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఫోన్ ఒక పూట ఛార్జ్ కాకపోతే సర్దుకుంటాం. ఆ కేసు రాత్రి ఛార్జ్ కాకపోతే మర్నాడంతా అమ్మకు ఎవరి మాటా సరిగా వినపడదు.

పెట్టుకున్న హద్దులు:

1. టైప్-ఏ పోర్టులు రెండు, ఒక్కోటి 2.4 ఆంపియర్లు. టైప్-సీ పోర్టు ఒకటి, 3 ఆంపియర్లు.
2. మొత్తం 7.8 ఆంపియర్లు. 5.1 వోల్టుల దగ్గర దాదాపు 40 వాట్లు. అడాప్టర్ వోల్టేజ్‌ను 5కి దించే కన్వర్టర్ 90 శాతం సామర్థ్యంతో పనిచేస్తే లోపలికి 44 వాట్లు కావాలి.
3. ఇన్‌పుట్‌కి 12 వోల్టుల, 5 ఆంపియర్ల రెడీమేడ్ అడాప్టర్. అంటే 60 వాట్లు, సరిపోతుంది. గోడ ప్లగ్గు వైపు పని ఏదీ సొంతంగా చేయలేదు. దయచేసి మీరూ చేయకండి.

పనిముట్లు: మల్టీమీటర్, యూఎస్‌బీ మీటర్, కరెంటు ఇంత అని పెట్టుకునే ఎలక్ట్రానిక్ లోడ్, వేడి కొలిచే థర్మోకపుల్, వోల్టేజ్ క్షణక్షణం ఎలా మారుతోందో చూపే పాత ఆసిలోస్కోప్, టంకం కరిగించే హాట్ ఎయిర్, టైప్-సీ పిన్నులన్నీ బయటికి తెచ్చే చిన్న బ్రేకవుట్ బోర్డు. ఈ చివరిది లేకుండా నాలుగో దశలోకి దిగవద్దు.

దశ 1: డేటా పిన్నులు

మొదటి బోర్డులో టైప్-ఏ సాకెట్లకు 5 వోల్టులు, గ్రౌండు మాత్రమే ఇచ్చాను. మధ్యలోని డేటా పిన్నులు, డీ ప్లస్, డీ మైనస్, రెండూ ఖాళీగా వదిలేశాను. ఛార్జింగ్‌కి డేటాతో పనేముంది అనుకున్నాను. కొలిస్తే వచ్చినవి:

పాత ఫోన్: 0.46 ఆంపియర్లు
ఈ-రీడర్: 0.44
ఇయర్‌ఫోన్స్ కేసు: 0.11
వినికిడి యంత్రాల కేసు: 0.16
ఐప్యాడ్: ఛార్జ్ కావడం లేదని తెరమీద చూపించింది

చిన్నవాటికి ఇబ్బంది లేదు, పెద్దవాటికే వచ్చింది. ఇక్కడ ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. పోర్టు కరెంటును పరికరంలోకి తోయదు, పరికరమే లాక్కుంటుంది. ఎంతవరకు లాక్కోవచ్చో పోర్టు దానికి అర్థమయ్యే పద్ధతిలో చెప్పాలి. ఏమీ చెప్పకపోతే పరికరం భద్రంగా ఉండటానికి కంప్యూటర్ పోర్టు హద్దులోనే ఆగుతుంది. యూఎస్‌బీ 2.0లో ఆ హద్దు 500 మిల్లీ ఆంపియర్లు. సాకెట్ ఆకారం కుదరడం ఒక ఎత్తు, ఈ మాట కుదరడం ఇంకో ఎత్తు. ఈ ప్రాజెక్టులో నా సమయమంతా రెండో దానికే పోయింది.

1. డీ ప్లస్, డీ మైనస్ రెంటినీ కలిపేశాను. 2010లో వచ్చిన బ్యాటరీ ఛార్జింగ్ 1.2 నియమాల ప్రకారం ఈ రెంటి మధ్య 200 ఓంలలోపు ఉంటే అది ఛార్జింగ్‌కే కేటాయించిన పోర్టు అని అర్థం. పాత ఫోన్ 1.38 ఆంపియర్లకు ఎక్కింది. ఈ-రీడర్ 0.92. ఐప్యాడ్ మాత్రం 0.97 దగ్గర ఆగిపోయింది.
2. ఆపిల్ పరికరాల పద్ధతి వేరు. అవి డేటా పిన్నుల మీద వోల్టేజ్ చూస్తాయి. డీ ప్లస్ మీద 2.7, డీ మైనస్ మీద 2.0 ఉంటే 2.1 ఆంపియర్లు తీసుకోవచ్చని లెక్క. 5 వోల్టుల నుంచి 43.2 కిలో ఓంలు, గ్రౌండుకు 49.9 పెడితే 2.68 వస్తుంది. పైన 75, కింద 49.9 పెడితే 2.0. ఐప్యాడ్ 2.05 ఆంపియర్లు తీసుకుంది.
3. అదే పోర్టులో పాత ఫోన్ పెడితే మళ్లీ 0.46.

అంటే ఒక్కో పోర్టు ఒక్కో పరికరానికే సరిపోతుంది. ఏది ఎందులో పెట్టాలో ఇంట్లోవాళ్లందరూ గుర్తుపెట్టుకోవాలి. జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు) పెట్టి మార్చుకునేలా చేద్దామా అని ఒక రోజు ఆలోచించి మానేశాను. రాత్రి నిద్రకళ్లతో కేబుల్ గుచ్చే మనిషి జంపర్ మార్చరు.

మార్పు: రెసిస్టర్లు తీసేసి, ఒక్కో టైప్-ఏ పోర్టుకు టీపీఎస్2514ఏ అనే ఆరు కాళ్ల చిప్ పెట్టాను. అది మొదట రెండు పిన్నుల మీదా 2.7 వోల్టులు చూపిస్తుంది. పరికరం బ్యాటరీ ఛార్జింగ్ 1.2 పద్ధతిలో అడిగితే రెంటినీ కలిపేస్తుంది. కొన్ని ట్యాబ్లెట్లకు కావాల్సిన 1.2 వోల్టులు కూడా చూపిస్తుంది. ఐప్యాడ్ 2.08, పాత ఫోన్ 1.38, రెండూ ఒకే పోర్టులో.

ఇప్పటివరకు లెక్క: బోర్డులు 1, గంటలు 7, పాడైన భాగాలు 0.

దశ 2: వోల్టేజ్ ఎక్కడ పోతోంది

చిప్ పెట్టాక పని అయిపోయిందనుకున్నాను. పాత ఫోన్‌ని 1 మీటరు కేబుల్‌తో పెట్టి చూస్తే 0.91 ఆంపియర్లే. జానెడు కేబుల్‌తో 1.38. ఫోన్లు వోల్టేజ్ పడిపోతుంటే కనిపెట్టి కరెంటు తామే తగ్గించుకుంటాయి, అందుకే లోపం బయటికి తెలియదు. ఫోన్ తీసేసి ఎలక్ట్రానిక్ లోడ్ పెట్టి, 2.0 ఆంపియర్లు కచ్చితంగా లాగించాను. కేబుల్ చివర 3.97 వోల్టులు!

కొలిచిన పద్ధతి ఇది, ఇలాగే చేయండి:

1. 2.0 ఆంపియర్లు పారుతుండగానే కొలవాలి. లోడ్ లేకుండా కొలిస్తే ప్రతి చోటా 5.09 చూపిస్తుంది.
2. రెండు చోట్ల వోల్టేజ్ చూసి తీసివేయడం కాదు. ఏ ముక్కను కొలవాలో దాని రెండు చివర్లా రెండు ప్రోబులూ పెట్టి, మీటరును మిల్లీ వోల్టులకు తిప్పి నేరుగా చదవాలి.
3. గ్రౌండు దారిని మర్చిపోవద్దు. వెళ్లిన కరెంటు తిరిగి రావాలి కదా, అక్కడా అంతే పోతుంది.

2.0 ఆంపియర్ల దగ్గర పోయిన వోల్టేజ్:

బోర్డు మీద 5 వోల్టుల గీత, 1 మిల్లీమీటరు వెడల్పు, 62 మిల్లీమీటర్ల పొడవు: 0.06
పాలీఫ్యూజ్ (కరెంటు మితిమీరితే వేడెక్కి ఆపే భాగం): 0.14
సాకెట్, ప్లగ్గు: 0.05
గ్రౌండు గీత: 0.03
కేబుల్: 0.84
మొత్తం: 1.12 వోల్టులు

కేబుల్ లెక్క చూడండి. దాని మీద 28 గేజ్ అని అచ్చు వేసి ఉంది. గేజ్ అంటే తీగ మందం కొలత, సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 28 గేజ్ రాగి తీగ మీటరుకు సుమారు 0.21 ఓంలు. పోనూ రానూ 2 మీటర్లు, అంటే 0.42 ఓంలు. రెండు ఆంపియర్లకు 0.84 వోల్టులు. కేబుల్‌లో లోపం లేదు, పని ఆ తీగకు మించింది. అదే పొడవున్న 24 గేజ్ కేబుల్‌లో 0.17 ఓంలే, 0.34 వోల్టులే పోతాయి. కేబుల్ తొడుగు మీద సన్న అక్షరాల్లో ఉండే ఈ గేజ్ సంఖ్యను నేను అంతకుముందెప్పుడూ చదవలేదు. ఇప్పుడు ఏ కేబుల్ చేతికొచ్చినా ముందు అదే చూస్తున్నాను. ఇంట్లో ఉన్న తొమ్మిదింటిలో మూడింటిని పక్కన పెట్టేశాను.

బోర్డులో మార్చినవి:

1. గీత వెడల్పు 1 నుంచి 6 మిల్లీమీటర్లకు పెంచాను, పొడవు తగ్గించాను. వెనక వైపు మొత్తం గ్రౌండు రాగే. మామూలు 35 మైక్రాన్ల రాగి మీద ఒక్కో చదరానికి (గీత వెడల్పు ఎంతో అంత పొడవున్న ముక్కకు) సుమారు అర మిల్లీ ఓం. 62 చదరాలున్న గీత పది చదరాలకు దిగింది.
2. పాలీఫ్యూజ్ తీసేశాను. వేడెక్కేకొద్దీ దాని హద్దు తగ్గుతుంది, పెట్టె లోపల అది పెద్ద తలనొప్పి. దాని స్థానంలో 2.8 ఆంపియర్ల దగ్గర ఆపే లోడ్ స్విచ్ చిప్ పెట్టాను. దాని మీద 0.05 వోల్టులే పోతోంది.
3. కన్వర్టర్ అవుట్‌పుట్ వోల్టేజ్‌ను నిర్ణయించే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ మార్చాను. చిప్ పోల్చి చూసుకునే రిఫరెన్స్ 0.8 వోల్టులు, కింది రెసిస్టర్ 10 కిలో ఓంలు. పైది 53.6 ఉండేది, 54.9 చేశాను. అవుట్‌పుట్ 5.09 నుంచి 5.19కి వచ్చింది. యూఎస్‌బీ 2.0 పై హద్దు 5.25. అంతకు దగ్గరగా వెళ్లే ముందు ఒక్క శాతం రెసిస్టర్లు వాడుతున్నారో లేదో చూసుకోండి. అయిదు శాతంవి వాడితే ఈ సంఖ్యలకు అర్థం లేదు.

రెండో బోర్డు, 24 గేజ్ కేబుల్, 2.0 ఆంపియర్లు: మొత్తం 0.46 పోయి, కేబుల్ చివర 4.73 వోల్టులు.

ఇప్పటివరకు లెక్క: బోర్డులు 2, గంటలు 19, పాడైన భాగాలు 0, పక్కన పెట్టిన కేబుళ్లు 3.

దశ 3: వేడి

దీని గురించి తక్కువే చెబుతాను. ఒకే బక్ (వోల్టేజ్ దించే) కన్వర్టర్‌తో 7 ఆంపియర్లు లాగి, మూత పెట్టాను. 20 నిమిషాలకు ఇండక్టర్ (కన్వర్టర్ తీగచుట్ట) మీద థర్మోకపుల్ 94 డిగ్రీలు చూపించింది. 31వ నిమిషంలో కన్వర్టర్ చిప్ కాలిపోయింది. అదృష్టం కొద్దీ అవుట్‌పుట్‌కి పరికరం ఏదీ లేదు, లోడ్ మాత్రమే ఉంది. పరీక్షలు లోడ్ మీద చేయండి, ఫోన్ మీద కాదు అనేది అందుకే.

కాలకముందు కొలిచింది: లోపలికి 12.02 వోల్టులు, 3.40 ఆంపియర్లు, అంటే 40.9 వాట్లు. బయటికి 36.2 వాట్లు. 4.7 వాట్లు పెట్టెలోనే వేడిగా మిగిలిపోతున్నాయి.

మార్పు: పనిని రెండు చిన్న కన్వర్టర్లకు పంచాను. ఒకటి టైప్-ఏ పోర్టులు రెంటికీ, ఒకటి టైప్-సీకి. తీగ నిరోధం వల్ల పోయేది కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, పంచితే బాగా తగ్గుతుంది. అదే 7 ఆంపియర్లకు లోపలికి 39.1 వాట్లు, వేడిగా పోయేది 2.8. పెట్టెకు పైనా కిందా గాలి రంధ్రాలు చేశాక గంటకు 61 డిగ్రీల దగ్గర నిలబడింది.

ఇప్పటివరకు లెక్క: బోర్డులు 2, గంటలు 26, పాడైన భాగాలు 1.

దశ 4: టైప్-సీ

అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే.

టైప్-సీ సాకెట్‌లో సీసీ1, సీసీ2 అని రెండు పిన్నులుంటాయి. ప్లగ్గు ఎటు తిప్పి పెట్టినా కేబుల్‌లోని సీసీ తీగ వాటిలో ఒకదానికే తగులుతుంది. పోర్టు వైపు సీసీ నుంచి 5 వోల్టులకు ఒక రెసిస్టర్, పరికరం వైపు గ్రౌండుకు 5.1 కిలో ఓంలు ఉంటాయి. మధ్యలో ఏర్పడే వోల్టేజ్ చూసి, ఎంత తీసుకోవచ్చో పరికరం తెలుసుకుంటుంది. పోర్టు వైపు 56 కిలో ఓంలు పెడితే మామూలు యూఎస్‌బీ కరెంటు, 22 పెడితే 1.5 ఆంపియర్లు, 10 పెడితే 3.

ఎలాగూ ఒకటే తగులుతుంది కదా అని రెండు సీసీ పిన్నులనూ కలిపి, రెంటికీ ఒకే 10 కిలో ఓంల రెసిస్టర్ పెట్టాను. ఫోన్‌తో వచ్చిన మామూలు కేబుల్‌తో 2.62 ఆంపియర్లు. బ్రహ్మాండం. తర్వాత 100 వాట్ల లావు కేబుల్‌తో పెడితే 0.48.

లావు కేబుల్‌తో తక్కువ, సన్న కేబుల్‌తో ఎక్కువ! రెండో దశలో నేర్చుకున్నదానికి పూర్తిగా తలకిందులు. ప్లగ్గు తిప్పి పెట్టాను, అదే 0.48. కేబుల్ పాడైందనుకుని ఇంకోటి తెప్పించాను, అదీ 0.48. రెండు రోజులు ఇలాగే పోయాయి. చివరికి బ్రేకవుట్ బోర్డు మధ్యలో పెట్టి సీసీ పిన్ను మీద వోల్టేజ్ చదివితే గుట్టు బయటపడింది. సన్న కేబుల్‌తో 1.75 వోల్టులు. లావు కేబుల్‌తో 0.40.

జరిగింది ఇది. 3 ఆంపియర్లకు మించి మోయగల కేబుల్ ప్లగ్గులో తన వివరాలు చెప్పే ఈ-మార్కర్ చిప్ ఉంటుంది. దానికోసం రెండో సీసీ పిన్ను మీద గ్రౌండుకు దాదాపు 1 కిలో ఓం ఉంటుంది. నేను రెండు పిన్నులనూ కలిపేశాను కాబట్టి, పరికరంలోని 5.1కి ఈ 1 కిలో ఓం పక్కనే సమాంతరంగా చేరింది. రెండూ కలిసి 0.84 కిలో ఓంలు. 5.19 వోల్టుల నుంచి 10 కిలో ఓంల ద్వారా లెక్క వేస్తే సరిగ్గా 0.40. పరికరం 1.31 నుంచి 2.04 వోల్టుల మధ్య చూస్తేనే 3 ఆంపియర్లు అనుకుంటుంది. 0.25 నుంచి 0.61 మధ్య ఉంటే మామూలు పోర్టు అనుకుని 500 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. ఫోన్ తప్పు చేయలేదు. నా బోర్డు చెప్పిన మాటనే నమ్మింది.

2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 మొదటి బోర్డుల్లోనూ ఇలాంటిదే జరిగింది. అక్కడ పరికరం వైపు, రెండు సీసీ పిన్నులకూ ఒకే 5.1 కిలో ఓంల రెసిస్టర్ పెట్టారు. ఈ-మార్కర్ ఉన్న కేబుళ్లతో కొన్ని ఛార్జర్లు దానికి కరెంటే ఇవ్వలేదు. ఆ సంగతి నేను చదివి ఉన్నాను కూడా. పరికరం వైపు సమస్య అని గుర్తుపెట్టుకున్నాను గానీ, పోర్టు వైపూ అదే వర్తిస్తుందని తట్టలేదు.

గీత కోసి, సీసీ1కి ఒక 10 కిలో ఓంలు, సీసీ2కి ఇంకోటి విడివిడిగా పెట్టాను. రెండు కేబుళ్లతోనూ 2.6 పైనే.

అంతటితో అయిపోలేదు. రెండో బోర్డు రెండు కాపీలు చేసి ఉంచాను. ఒకదాని అడాప్టర్ తీసేసి ఉంది. టైప్-సీ నుంచి టైప్-సీ కేబుల్‌తో రెండూ పొరపాటున కలిశాయి. ఆఫ్‌లో ఉన్న బోర్డు దీపం వెలిగింది! దాని 12 వోల్టుల కెపాసిటర్ మీద 4.5 వోల్టులు. పని చేస్తున్న బోర్డు 5 వోల్టులు ఎదుటి సాకెట్ లోంచి వెనక్కి దూరి, కన్వర్టర్‌లోని మాస్‌ఫెట్ (స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టర్) లోపలి డయోడ్ గుండా ఇన్‌పుట్ దాకా చేరింది. టైప్-సీ నియమం స్పష్టంగా ఉంది: అవతల పరికరం ఉందని సీసీ ద్వారా తెలిసేదాకా పోర్టులో 5 వోల్టులు ఉండకూడదు. నా పోర్టులో ఎప్పుడూ ఉన్నాయి.

మార్పులు, మూడో బోర్డు:

1. టీపీఎస్25810 చిప్ పెట్టాను. సీసీ చూడటం, 5 వోల్టులు ఆన్ ఆఫ్ చేయడం, కరెంటు హద్దు, మూడూ అదే చూసుకుంటుంది.
2. దాని ఛార్జ్ ఎంపిక పిన్నులు రెంటినీ హైకి (సప్లై వోల్టేజ్‌కి) కట్టేస్తే 3 ఆంపియర్లు ప్రకటిస్తుంది.
3. కాళ్లు లేని 20 పిన్నుల చిన్న చిప్ అది. హాట్ ఎయిర్ ఎక్కువసేపు పట్టి మొదటిదాన్ని పాడుచేశాను. కింద ప్యాడ్‌కి టంకం పలుచగా పూసి, బోర్డును కింద నుంచి వేడి చేశాక పైనుంచి గాలి పట్టిస్తే రెండోది ఒక్కసారికే కూర్చుంది.
4. పరీక్ష: ఖాళీ సాకెట్‌లో 0.02 వోల్టులు. ఫోన్ పెడితే 5.18. తీస్తే మళ్లీ సున్నాకి.

ఆ రాత్రి అమ్మ కేసును ఇదే పోర్టులో పెట్టి పడుకున్నాను. పొద్దున్నే అమ్మ వచ్చి "నాన్నా, దీని దీపం వెలగడం లేదు" అంది. నాకు గుండె జారింది. రెండో బోర్డు మీద చక్కగా ఛార్జ్ అయిన కేసు, బోర్డు నియమం ప్రకారం చేశాక ఆగిపోయింది.

బ్రేకవుట్ పెట్టి కేసు వైపు సీసీ నుంచి గ్రౌండుకు కొలిచాను. రెండు వైపులా తెగిన దారే. ఆ కేసులో టైప్-సీ సాకెట్ ఉంది గానీ లోపల 5.1 కిలో ఓంల రెసిస్టర్లు లేవు. హెడ్‌ల్యాంప్ కూడా అంతే. ఇలాంటి పరికరం ఉందో లేదో పోర్టుకు తెలిసే దారి లేదు, కాబట్టి 5 వోల్టులు ఇవ్వదు. వాటితో వచ్చే టైప్-ఏ నుంచి టైప్-సీ కేబుల్‌తో అయితే ఛార్జ్ అవుతాయి, ఎందుకంటే టైప్-ఏ సాకెట్‌లో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. కేసు విప్పి రెసిస్టర్లు అతికించే ఆలోచన చేయలేదు. అమ్మ చెవికి సంబంధించిన వస్తువు మీద నేను ప్రయోగాలు చేయను.

టైప్-ఏ పోర్టులు తీసేసి మూడూ టైప్-సీ చేయాలని మొదట్లో అనుకున్నాను. ఆ ఆలోచన ఇక్కడితో మానేశాను. అన్ని పరికరాలకూ సరిపోవాలంటే కనీసం ఒక టైప్-ఏ ఉండాల్సిందే.

ఇప్పటివరకు లెక్క: బోర్డులు 3, గంటలు 45, పాడైన భాగాలు 2.

దశ 5: పక్క పోర్టు కుదుపు

కేసును మొదటి టైప్-ఏ పోర్టుకు మార్చాను. రెండో దాంట్లో ఐప్యాడ్ గుచ్చిన ప్రతిసారీ కేసు దీపం ఒకసారి ఆరి వెలిగేది. స్కోప్ పెడితే 5.18 నుంచి 4.35కి పడి, 300 మైక్రో సెకన్లలో కోలుకుంటోంది. ఛార్జింగ్ ఆగదు గానీ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

ఒక్కో పోర్టు దగ్గర 22 మైక్రో ఫారడ్‌ల కెపాసిటరే పెట్టాను. యూఎస్‌బీ 2.0 హబ్‌లకు కనీసం 120 కావాలంటుంది. 150 మైక్రో ఫారడ్‌ల తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) ఉన్న కెపాసిటర్లు, సాకెట్‌కి ఆనుకుని పెట్టాను. ఇప్పుడు 4.96 కన్నా కిందికి రావడం లేదు, దీపం ఆరడం లేదు.

ఇప్పటివరకు లెక్క: గంటలు 49, పాడైన భాగాలు 2.

దశ 6: మూడో బోర్డు చివరి కొలతలు

పాత ఫోన్, టైప్-ఏ: 1.38 ఆంపియర్లు
ఐప్యాడ్, టైప్-ఏ: 2.08
టైప్-సీ ఫోన్, టైప్-సీ: 2.64
ఈ-రీడర్, టైప్-ఏ: 0.92
కెమెరా, టైప్-ఏ: 0.47, ఏ పద్ధతిలో పెట్టినా ఇంతే
ఇయర్‌ఫోన్స్ కేసు: 0.11, ఏ పోర్టులోనైనా
హెడ్‌ల్యాంప్: 0.52, టైప్-ఏలో మాత్రమే
వినికిడి యంత్రాల కేసు: 0.16, టైప్-ఏలో మాత్రమే

ఐప్యాడ్, టైప్-సీ ఫోన్, కేసు ఒకేసారి పెడితే మొత్తం 4.88 ఆంపియర్లు, రెండు గంటల తర్వాత పెట్టె లోపల 52 డిగ్రీలు. ఏమీ పెట్టనప్పుడు బోర్డు తీసుకునేది 12 వోల్టుల దగ్గర 21 మిల్లీ ఆంపియర్లు, పావు వాటు.

ల్యాప్‌టాప్‌ను కావాలనే చేర్చలేదు. దానికి పవర్ డెలివరీ (ఎక్కువ వోల్టేజ్ అడిగి తీసుకునే యూఎస్‌బీ పద్ధతి) ద్వారా 20 వోల్టులు కావాలి, నా ఇన్‌పుట్టే 12. అది చేయాలంటే అడాప్టర్ నుంచి అన్నీ మారాలి. అది వేరే బోర్డు పని.

మొత్తం లెక్క: బోర్డులు 3, గంటలు 58, పాడైన భాగాలు 2, పక్కన పెట్టిన కేబుళ్లు 3.

నాలుగో బోర్డు చేస్తే మార్చేవి రెండే. లోడ్ స్విచ్‌లను గాలి రంధ్రాల వైపు జరపాలి. మొదటి టైప్-ఏ సాకెట్ పక్కన చెవి బొమ్మ అచ్చు వేయాలి. ఇప్పటికైతే అక్కడ పచ్చ టేపు ముక్క అంటించి ఉంది. అమ్మ వేలితో తడిమి, ఆ పక్క సాకెట్‌లోనే కేబుల్ పెడుతోంది.